ఆరవ అడుగు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, వారు నా నుండి ఏ ప్రబంధమును గూర్చియో, ఏ పురాణ ఘట్టమును గూర్చియో ఉపన్యాసము నాశించి యుందురు. అట్టి విషయములను గూర్చి ఈ వేదికమీద నేను పలుమారులు మాటలాడి యున్నాను. నేడు మాత్రము వేరొక విషయము నెన్నుకొంటిని. అది మన పొలముగట్టున మొలచు గడ్డిపోచలో దాగియున్న ఒక ఎంజైమును గూర్చినది.

లెక్కలు వ్రాసికొనువానికి రసాయనశాస్త్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. నేను వ్రాయు వ్యవసాయపు లెక్కలలో పూర్వము కలుపు కూలి యను పద్దు మిక్కిలి పెద్దదిగా నుండెడిది. రానురాను ఆ పద్దు చిక్కి, కలుపు మందు అను పద్దు బలిసినది. ఒక పద్దు తగ్గి మరియొక పద్దు పెరిగినప్పుడు కారణము విచారించుట లెక్కలవాని ధర్మము. ఆ కారణమును వెదకుచు పోగా పోగా, తుదకు నేనీ ఎంజైము వాకిట నిలిచితిని. మన గ్రంథాలయములోని పుస్తకములు నాకీ త్రోవ చూపినవి గనుక, ఈ సభలోనే ఆ విషయమును విన్నవించుట ఉచితమని తోచినది.

మొదట మాంసకృత్తు అనగా నేమో చెప్పుదును. కందిపప్పులోను, పాలలోను, మన కండలోను, గోళ్ళలోను, వెండ్రుకలలోను ఉన్న ముఖ్య ద్రవ్యము మాంసకృత్తు. దీనినే ప్రోటీను అనియు నందురు. తెలుగు వర్ణమాలలోని కొలది అక్షరములతోనే నన్నయభట్టు భారతమున కారంభము చేసెను. పోతన భాగవతమును రచించెను. ఆ అక్షరములతోనే నేను జమాఖర్చులు వ్రాయుచున్నాను. అట్లే ప్రకృతి ఇరువది అమైనో ఆమ్లములను అక్షరములుగా గైకొని అసంఖ్యాకములైన మాంసకృత్తులను వ్రాయుచున్నది. అక్షరముల వరుస మారినచో మాట యర్థము మారును. అమైనో ఆమ్లముల వరుస మారినచో మాంసకృత్తు స్వభావము మారును. అక్షరమే దొరకనిచో వ్రాత నిలిచిపోవును. ఈ కడపటి మాటను మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఇకముందు చెప్పబోవు కథయంతయు దానిమీదనే నడచును.

ఈ మాంసకృత్తులలో కొన్ని పనివాండ్రు. వానికే ఎంజైములని పేరు. ఇడ్లీపిండి పులియుట, తాటికల్లు పొంగుట, తిన్న యన్నము కడుపులో జీర్ణమగుట, ఇవన్నియు ఎంజైముల చేతి పనులే. 1897లో జర్మనీ దేశస్థుడు ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణములను నూరి రసము పిండి, జీవకణము లేకున్నను ఆ రసమే చక్కెరను పులియబెట్టునని నిరూపించెను. దానికై ఆయనకు 1907లో నోబెల్ బహుమానము లభించినది. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ అను నాతడు ఒక చిక్కుడుజాతి గింజనుండి యూరియేజ్ అను ఎంజైమును స్ఫటికములుగా రాబట్టి, ఎంజైము మాంసకృత్తేనని చూపెను. ఈ యూరియేజ్ మనకు పరాయిది కాదు. మనము చేలో చల్లిన యూరియాను విరిచి అమోనియాగా మార్చునది నేలలోని సూక్ష్మజీవుల యందున్న ఈ ఎంజైమే.

ఎంజైము చేయు పని పెండ్లిండ్ల పేరయ్య పని వంటిది. ఎక్కడనో యున్న వరుని, మరెక్కడనో యున్న వధువును ఒక చోటికి చేర్చి, మాటలు కలిపి, ముడివేయించి, తాను మాత్రము ఉత్తరీయము దులుపుకొని మరియొక సంబంధమునకు బయలుదేరును. తాను కరగడు, తరగడు. ఒక్క పేరయ్య వందల పెండ్లిండ్లు చేయును. ఐతే ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క సంబంధమే తెలియును. అందుకే ప్రతి పనికి వేరొక ఎంజైము కావలసివచ్చును.

ఇక మన గడ్డిపోచ కథ. మొక్క ఎండ కాచినప్పుడు ఆకులలో చక్కెరను వండుకొనును. ఆ చక్కెరనుండి పుట్టిన రెండు చిన్న పదార్థములను కలిపి, ఒకదానివెంట ఒకటిగా ఏడు మార్పులు చేసి, కోరిస్మేట్ అను పదార్థమును సిద్ధము చేయును. ఆ కోరిస్మేట్ నుండి త్రోవ చీలి, ఫినైల్ అలనీన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అను మూడు అమైనో ఆమ్లములు పుట్టును. ఈ ఏడు మెట్ల త్రోవకు షికిమేట్ మార్గమని పేరు. పెండ్లిలో సప్తపది యున్నట్లే మొక్కకును ఇది సప్తపది. ఏ అడుగు తప్పినను పెండ్లి కాదు.

షికిమి యనునది జపాను దేశమున పెరుగు ఒక చెట్టు పేరు. 1885లో హాలెండు దేశస్థుడు యోహాన్ ఫ్రెడరిక్ ఐక్మన్ ఆ చెట్టునుండి షికిమిక్ ఆమ్లమును వేరుచేసెను. ఆ చెట్టు విషపు జాతి. కాని దాని దగ్గరి బంధువు మన యింటనే యున్నది. పలావులో వేయు అనాసపువ్వే ఆ బంధువు. అనాసపువ్వులో షికిమిక్ ఆమ్లము సమృద్ధిగా నుండుటచే, ఇన్‌ఫ్లుయెంజా జ్వరమున కిచ్చు ఒసెల్టామివిర్ అను ఔషధమును దానినుండి తయారు చేసిరి. ఐక్మన్ కనుగొనిన పిమ్మట డెబ్బది యేండ్లవరకు ఈ ఆమ్లము మొక్కలో నెందుకున్నదో ఎవరికిని స్పష్టముగా తెలియదు. 1950 తరువాతి దశకములో అమెరికాలోని బెర్నార్డ్ డేవిస్, డేవిడ్ స్ప్రిన్సన్ మున్నగువారు సూక్ష్మజీవులతో ప్రయోగములు చేసి ఈ త్రోవలోని మెట్లను ఒక్కొక్కటిగా తేటపరచిరి.

ఈ త్రోవ చిన్నదని తలపకుడు. మొక్క గాలినుండి గ్రహించు కర్బనములో ఐదవ వంతు, లేక అంతకు మించియు, ఈ దారినే నడచునని శాస్త్రజ్ఞుల యంచనా. కొయ్యకు గట్టిదన మిచ్చు లిగ్నిన్ ఫినైల్ అలనీన్ నుండియే పుట్టును. పసుపుకొమ్మునకు రంగు నిచ్చు కర్కుమిన్ కూడ అట్టిదే. మచిలీపట్నమున, శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వస్త్రమును కరక్కాయ రసములో ముంచుదురు గదా. ఆ వగరు ఈ త్రోవలోని ఒక చీలికయందు పుట్టినదే. ఫోలిక్ ఆమ్లమను విటమినులోని ఒక భాగము కోరిస్మేట్ నుండియే వచ్చును. ఆ ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారు చేసిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఇప్పుడు ఆరవ అడుగు దగ్గర ఆగుదము. ఐదవ మెట్టున షికిమేట్‌నకు ఒక ఫాస్ఫేటు తగిలి షికిమేట్ ఫాస్ఫేట్ అగును. ఆరవ మెట్టున దానికి ఫాస్ఫో ఈనాల్ పైరువేట్ అను మరియొక పదార్థముతో ముడి పడవలెను. ఈ ముడి వేయు ఎంజైము పేరు ఈనాల్ పైరువైల్ షికిమేట్ ఫాస్ఫేట్ సింథేజ్. పేరు వినగానే గుండె జారవలసిన పనిలేదు. దండకమంత పొడవైన ఈ పేరును శాస్త్రజ్ఞులు సైతము పలుకలేక ఇ.పి.ఎస్.పి. సింథేజ్ అని కుదించుకొనిరి. మనము ఆరవ మెట్టు ఎంజైమందము. మన పేగులలో నివసించు ఒకానొక సూక్ష్మజీవియందు ఈ ఎంజైము 427 అమైనో ఆమ్లముల హారము. ఆ హారము ముడుచుకొని రెండు దోసిళ్ళు ఎదురెదురుగా పట్టినట్లుండును. లోపల ఇద్దరికి పీటలుండును. మొదట షికిమేట్ ఫాస్ఫేట్ వచ్చి తన పీటపై కూర్చుండును. దోసిళ్ళు దగ్గరికి వచ్చును. రెండవ పీటపై ఫాస్ఫో ఈనాల్ పైరువేట్ కూర్చుండగనే ముడి పడును.

ఇక్కడనే మోసము ప్రవేశించినది. దమయంతీ స్వయంవర కథ మనకెల్లరకు తెలిసినదే. శ్రీనాథుని శృంగారనైషధమును ఈ గ్రంథాలయములో పలువురు చదివియున్నారు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపము దాల్చి నలుని సరసనే కూర్చుండిరి. గ్లైఫోసేట్ అను కలుపు మందు సరిగా అట్టి మాయవరుడు. దాని పోలిక ఫాస్ఫో ఈనాల్ పైరువేట్ పోలికకు సమీపముగా నుండును. షికిమేట్ ఫాస్ఫేట్ పీటపై కూర్చుండి ఎదురుచూచుచుండగా, ఈ మాయవరుడు వచ్చి రెండవ పీట నాక్రమించును. ముడి పడదు, లేచియుపోడు. దమయంతి నేర్పరి గనుక గుర్తించెను. గడ్డిపోచ ఎంజైమునకు ఆ నేర్పు లేదు.

ఈ పదార్థమును 1950లో స్విట్జర్లాండులో హెన్రీ మార్టిన్ అను రసాయనికుడు మొదట తయారు చేసెను. దాని యుపయోగము నాడు తెలియలేదు. 1970లో అమెరికాలో మోన్సాంటో సంస్థయందు జాన్ ఫ్రాంజ్ అది కలుపును చంపునని కనుగొనెను. 1974లో రౌండప్ అను పేర అంగడికి వచ్చినది. అది ఈ ఆరవ మెట్టు ఎంజైమునే పట్టుకొనునని జర్మనీ దేశమున స్టైన్‌రూకెన్, ఆమ్రైన్ అను శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించిరి. మందు అమ్మకమునకు వచ్చిన ఆరేండ్లకుగాని అది తాకు తావు ఇదమిత్థముగా తెలియలేదన్నమాట.

మందు పడిన మొక్కలో నేమి జరుగునో చూడుడు. ఆరవ మెట్టు మూతపడుటచే వెనుక షికిమేట్ పేరుకొనును, ఏరు కట్టకు అడ్డుపడి వెనుక మడుగు కట్టినట్లు. ముందు మూడు అమైనో ఆమ్లములకు కరవు వచ్చును. వర్ణమాలలో మూడక్షరములు లోపించినచో కవి యేమి వ్రాయును? క్రొత్త మాంసకృత్తులు నిలిచిపోవును. అందుచే క్రొత్త చిగురు మొదట పసుపుబారును. వారము పదిదినములలో మొక్క చచ్చును. మందు చక్కెరతో పాటు వేరులోనికి దిగుటచే, ఎంత పీకినను మరల మొలచు తుంగ, గరిక సైతము లొంగును. ఇది మట్టి రేణువులను గట్టిగా పట్టుకొను స్వభావము కలది. అందుకే బురద నీటితో కలిపిన మందు పనిచేయదు. మందు మంచిది కాదని అంగడివానితో తగవు పడినవారు కొందరు కాలువ బురదనీరు కలిపినవారే.

మరి మనుష్యుని మాట యేమి? మన శరీరములో ఈ ఆరవ మెట్టు ఎంజైము లేనే లేదు. ఏడు మెట్లలో ఒక్కటియు లేదు. పశువులకును లేదు, పక్షులకును లేదు. మొక్కలకు, బూజులకు, పెక్కు సూక్ష్మజీవులకు మాత్రమే ఈ విద్య తెలియును. ఫినైల్ అలనీన్, ట్రిప్టోఫాన్ మనము తినితీరవలసినవి; టైరోసిన్‌ను ఫినైల్ అలనీన్ నుండి మన దేహము చేసికొనును. మన వెండ్రుకల నలుపు టైరోసిన్ చలువ. భయపడినప్పుడు గుండెను పరుగెత్తించు అడ్రినలిన్ టైరోసిన్ నుండియే. థైరాయిడ్ గ్రంథి రసము టైరోసిన్ నుండియే. అనగా తలపై వెండ్రుక నల్లగా నుండుటకు ఏదో యొక చేలో ఏదో యొక ఆకు ఆరవ అడుగు వేసియుండవలెను. పాలు త్రాగినను ఆవు తిన్న గడ్డి, ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆ అడుగు వేసినవే. భూదేవి ఋణము, గోమాత ఋణము అని పెద్దలు చెప్పు మాటలో రసాయనశాస్త్రము గూడ ఇమిడియున్నది.

ఈ ఋణము తీరనిచో నేమగునో మన దక్కను పీఠభూమియే చూచినది. ట్రిప్టోఫాన్ నుండి మన దేహము నయాసిన్ అను విటమినును కొంత చేసికొనును. నయాసిన్ చాలనిచో మెడచుట్టును చేతులపైనను చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా వ్యాధి వచ్చును. జొన్నయే ప్రధానాహారమైన పేదలలో ఈ వ్యాధి కనబడుటను హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు పరిశోధించి, జొన్నలో అధికముగా నున్న లూసీన్ అను మరియొక అమైనో ఆమ్లము దీనికి కొంత కారణమని 1960లో ప్రతిపాదించిరి. జొన్న చెడ్డదని దీని తాత్పర్యము కాదు. ఒక్క గింజనే నమ్ముకొనిన పేదరికము చెడ్డది. జొన్నరొట్టె ప్రక్కన పప్పు, పాలు, ఆకుకూర ఉన్నచో లెక్క సరిపోవును.

మనకు ఆ ఎంజైము లేదు గనుక ఆ మందు మనల నేమియు చేయదని కొందరు వాదింతురు. ఈ వాదములో సగమే నిజము. తాళము లేని యింటికి తాళపుచెవితో భయము లేదు, నిజమే. కాని ఆ తాళపుచెవిని మ్రింగినచో కడుపునొప్పి రాదని ఎవరు చెప్పగలరు? సీసాలో నుండునది గ్లైఫోసేట్ ఒక్కటియే కాదు; ఆకునకు అంటుటకై కలిపిన సబ్బువంటి ద్రవ్యములును ఉండును. గాఢమైన మందును త్రాగి ప్రాణములు కోల్పోయినవారు కలరు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, ఇది మనుష్యులకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమని వర్గీకరించినది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ, ఐరోపా ఆహార భద్రతా సంస్థ అట్లు తలపలేదు. 2023లో ఐరోపా సమాఖ్య మరి పదియేండ్లకు దీని వాడుక ననుమతించినది. పండితులు వాదించుకొనుచున్నారు. వాదము తేలువరకు మన జాగ్రత్తలో మన ముండుట వివేకము.

ఇంతటితో కథ ముగిసియున్నచో నేనీ సభలో ఇంతసేపు మాటలాడియుండను. కలుపును చంపు మందు పైరునుగూడ చంపును. అందుచే చల్లుటకు జంకుండెడిది. మోన్సాంటో సంస్థవారు మందు తయారగు కర్మాగారపు వ్యర్థజలములలోనే నిక్షేపముగా బ్రతుకుచున్న ఒక సూక్ష్మజీవిని చూచిరి. దాని ఆరవ మెట్టు ఎంజైము దమయంతి వంటిది. పీట దగ్గర నూరవ స్థానమున గ్లైసీన్ ఉండవలసినచోట అలనీన్ ఉండుటచే ఆ పీట రవంత ఇరుకైనది. నలునకు చాలును; మాయవరునకు చాలదు. ఆ జన్యువును సోయా చిక్కుడులో చేర్చి 1996లో అమెరికా రైతులకు విత్తనములు విక్రయించిరి. పిమ్మట ప్రత్తిలోను చేర్చిరి. అప్పటినుండి చేనంతయు మందు చల్లినను పైరు నిలిచి కలుపు మాత్రమే చచ్చినది. రైతునకు బంగారుపంట పండినట్లే తోచినది.

కాని కలుపునకును కాలము గలదు. 1996లో ఆస్ట్రేలియాలో ఒక రై గడ్డి ఈ మందునకు లొంగలేదని తేలినది. తరువాత మలేషియాలో మన రాగి పైరునకు దగ్గరి బంధువైన ఒక గడ్డి లొంగలేదు. పరీక్షింపగా దాని ఆరవ మెట్టు ఎంజైములో 106వ స్థానమున ప్రోలీన్ పోయి సెరీన్ వచ్చియున్నది. వందలకొలది అంకెలు గల పద్దుల పుస్తకములో ఒక్క అంకె మారినది, లెక్కయంతయు తారుమారైనది! అమైనో ఆమ్లములను చేయు ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లము మారుటచే కోట్ల రూపాయల మందు వట్టి నీరైనదని తలచినప్పుడు నాకు ఒడలు జలదరించినది.

అమెరికాలో తోటకూర జాతికి చెందిన పామర్ అమరాంత్ అను కలుపు మరియొక ఉపాయము పన్నినది. జార్జియా రాష్ట్రపు ప్రత్తిచేలలో ఇది 2005 ప్రాంతమున బయటపడినది. అది ఎంజైమును మార్చుకొనలేదు. ఎంజైము జన్యువుల సంఖ్యనే పెంచుకొన్నది. కొన్ని మొక్కలలో ఆ జన్యువునకు నూటయరువదికి పైగా ప్రతులున్నవని 2010లో ప్రకటించిరి. కార్తవీర్యుని వేయి చేతులవలె, ఎన్ని చేతులను మాయవరులు పట్టుకొన్నను కొన్ని చేతులు ఖాళీగా నుండి పని సాగించును. ఒక్కొక్క ఆడమొక్క లక్షలకొలది విత్తులు రాల్చును. ఆ రైతులు మరల కూలీలను పిలిచి, చేతితో కలుపు తీయించుకొనవలసి వచ్చినది. ఏ పద్దును కొట్టివేసితిమని సంతోషించిరో ఆ పద్దునే మరల వ్రాసికొనిరి. అందులో మందు పద్దు తగ్గనును లేదు.

ఇక మన చేల మాట. మన దేశములో ఈ మందు తేయాకు తోటలకు, పంటలేని భూములకు మాత్రమే నమోదైనది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము, చీడల నివారణకు అనుమతి పొందిన పనివారు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఉత్తరువు వెలువరించినది. కలుపు మందునకు తట్టుకొను ప్రత్తి విత్తనములు అనుమతి లేకయే చేతులు మారుచున్నవని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను అట్టి ప్రత్తి మొలచినదని 2017 తరువాత ప్రభుత్వ పరిశీలనలలో తేలినది. అట్టి విత్తనమునకు రసీదుండదు. రసీదు లేని విత్తనము మొలవకున్నచో రైతు ఎవరిని అడుగును? ఏ కచేరీలో నష్టపరిహారము కోరును? లెక్కలవానిగా నేను చెప్పగల మాట ఒక్కటే: కాగితము లేని బేరమునకు న్యాయము లేదు.

నేను మందును దూషించుటకు ఇక్కడ నిలువలేదు. పదునులో కూలీలు దొరకక చేను గడ్డిలో మునిగిపోవుచుండగా గట్టుమీద తల పట్టుకొని కూర్చుండు రైతు బాధ నేనెరుగుదును. ఎండలో నడుము వంచి దినమంతయు కలుపు తీయు స్త్రీల నడుమునొప్పియు ఎరుగుదును. ఆ నొప్పి తగ్గుట మంచిదే. కాని కలుపు కూలి యను పద్దు చిక్కినప్పుడు, ఆ డబ్బుతో నూనె, ఉప్పు కొనుక్కొను ఇంటిలో నేమి జరిగినదో గూడ మనము విచారించవలెను. జమ వైపు మాత్రమే చూచి ఖర్చు వైపు చూడని లెక్క లెక్క కాదు.

అందుచే నా విన్నపములు స్వల్పములు. మందు కొనినచో రసీదు తీసికొనుడు. సీసా మీది చీటీని చదువుడు. చదువ రానివారికి చదివి వినిపింపుడు. మందును శీతల పానీయపు సీసాలలో పోసి యింట నుంచకుడు. పసిబిడ్డలకు రంగు తెలియునుగాని విషము తెలియదు. చల్లువారు ముఖమునకు, చేతులకు కప్పుకొనుడు. గాలికి ఎదురు నిలిచి చల్లకుడు. ఏటేట ఒకే మందును నమ్ముకొనకుడు. గుంటక తోలుట, పంట మార్చుట, గడ్డి విత్తు కట్టకముందే పీకుట, ఇవి పాతబడిన పనులు కావు. మాయవరుడు ఏ రూపమున వచ్చినను ఇనుప గుంటకను మోసగించు ఎంజైమును ఏ గడ్డియు ఇంకను కనుగొనలేదు.

కడపట గ్రంథాలయమును గూర్చి ఒక్క మాట. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపిన పెద్దలు, చదువు పట్టణములలోని కొందరి సొత్తు కారాదని తలచిరి. మన గ్రంథాలయమునకు నేడు ఇరువదియైదేండ్లు. భారతము, భాగవతము చదువుటకు వచ్చిన నావంటివానికి ఆరవ మెట్టు ఎంజైము ఇక్కడనే పరిచయమైనది. బీరువాలోని పాత వార్తాపత్రికలు పసుపుబారుట మీరు చూచియుందురు. కాగితములో మిగిలిన లిగ్నిన్‌నకు వెలుతురు, గాలి సోకుటచే ఆ రంగు వచ్చును. లిగ్నిన్ ఏ త్రోవను పుట్టినదో ఇప్పుడు మీకు తెలియును. ఏనాడో ఏ యడవిలోనో ఒక చెట్టు వేసిన ఆరవ అడుగు మన బీరువాలో నేటికిని నిలిచియున్నది.

కార్యనిర్వాహక సంఘమువారికి ఒక్క మనవి. రాబోవు సంవత్సరమున వ్యవసాయమునకు, ఆరోగ్యమునకు సంబంధించిన తెలుగు పుస్తకముల కొక బీరువా ప్రత్యేకింపుడు. పంటకాలమున వారమునకొక సాయంకాలము, ఊరిలో అమ్ముడగు మందుల చీటీలను ఇక్కడ బిగ్గరగా చదివి వినిపించు ఏర్పాటు చేయుడు. చదువుటకు మనిషి కావలసినచో నేనున్నాను. పురాణము చదివిన గొంతుతోనే ఆ చీటీలనుగూడ చదువుదును. రెండును ప్రాణరక్షణకే గదా!

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక యని ఆకాంక్షించుచు సెలవు తీసికొనుచున్నాను.